మడతలో ఎర్రదారం

పోయిన వారం టేపు టీచర్‌ని స్టాఫ్ రూములో, కిటికీ పక్క కుర్చీలో, ఒళ్ళో ఒక పిల్ల స్కర్టుతో, చేతిలో చిన్న కత్తెరతో వదిలిపెట్టాం. ఆ స్కర్టు తొమ్మిదో తరగతి కొంగది. కొంగ అని పేరు పెట్టింది క్లాసు పిల్లలే. సన్నగా పొడుగ్గా ఉంటుంది, ఎక్కడ నిలబడితే అక్కడే నిలబడిపోతుంది, అడిగితే తప్ప మాట్లాడదు. ఈ ఏడే వేరే బడి నుంచి వచ్చి చేరింది, అక్కడా ఇదే నీలం స్కర్టు. మోకాలి కిందికి రెండు వేళ్ళు దిగాల్సిన స్కర్టు ఆ పిల్లకి మోకాలి పైనే ఆగిపోతోంది. మూడుసార్లు ఇంటికి చీటీ పంపినా వేలెడు కూడా దిగలేదు. చివరికి ఆ రోజు ఆటల పీరియడ్‌లో, పిల్ల ట్రాక్ ప్యాంటు వేసుకుని గ్రౌండుకి వెళ్ళగానే, కొక్కేనికి వేలాడుతున్న స్కర్టుని టీచర్ పట్టుకొచ్చేసింది. ఇంట్లోవాళ్ళు చెయ్యకపోతే నేనే చేస్తా, పీడా పోతుంది అనుకుంది.

అసలు ఈ పీడ ఆవిడ కోరి తెచ్చుకున్నది కాదు. ఆవిడ చెప్పేది లెక్కలు. కొత్త హెడ్మాస్టరు గారు వచ్చిన మొదటి వారమే, "ఈ వాలకాలు చూస్తుంటే ఇది బడో బస్టాండో తెలియడం లేదు" అని, పొద్దున్నే గేటు దగ్గర యూనిఫాం చూసే పని ఆవిడ నెత్తిన పెట్టారు. ఆవిడకే ఎందుకంటే, మిగతావాళ్ళందరికీ కాదనడం వచ్చు.

మొదటి రోజు ఉత్త కళ్ళతో చూసింది. "మోకాలి కిందే ఉంది టీచర్, మీరు పైనుంచి చూస్తున్నారు కాబట్టి అలా కనిపిస్తోంది" అని ఒకత్తి వాదించి గెలిచింది. రెండో రోజు నుంచి ఆవిడ మెడలో బట్టలు కొలిచే టేపు. టేపుతోపాటే పేరూ వచ్చింది.

టేపుకి లొంగే పిల్లలా వాళ్ళు! పదో తరగతివాడు ఒకడు చొక్కాని ముందువైపు మాత్రమే దోపుకుని వచ్చేవాడు. వెనకేమిట్రా అంటే, "వెనక కూర్చునేది మా క్లాసువాళ్ళే కదా టీచర్, వాళ్ళకేం అభ్యంతరం లేదంట" అన్నాడు. ఆడపిల్లలు నడుం దగ్గర స్కర్టుని నాలుగు మడతలు చుట్టి, లోపల సైకిల్ టైరు దాచుకున్నట్టు నడిచేవాళ్ళు. టీచర్ కనబడగానే ఊపిరి బిగబట్టి ఒక్క లాగు లాగితే స్కర్టు మోకాళ్ళు దాటేది, ఆవిడ మలుపు తిరగ్గానే మళ్ళీ పైకెళ్ళేది. ఇక టైల సంగతి. ఒక సోమవారం అందరి మెడలోనూ టై చూసి టీచర్ మురిసిపోయింది. ఎనిమిదో మెడ దగ్గర అనుమానం వచ్చింది. అన్ని టైలకీ ఒకే చోట సిరా మరక ఎలా ఉంటుంది? తిరిగి చూస్తే, గేటు దాటినవాడు దాటినట్టే టై విప్పి గోడ మీంచి బయటికి విసిరేస్తున్నాడు. ఆ రోజు ఆ ఒక్క టై ఎనిమిది మెడలు తిరిగింది. పిల్లల ముందు కళ్ళెర్ర చేసి, స్టాఫ్ రూములోకి వచ్చి తలుపేసుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది ఆవిడ.

కొంగ దగ్గర మాత్రం ఆ నవ్వు రాలేదు. నడుం దగ్గర చూసింది. ఒక్క మడత లేదు. మిగతావాళ్ళు నడుం దగ్గర చేసే మోసం ఈ పిల్ల కింద అంచు దగ్గర చేస్తోందన్నమాట. పైకి మడిచి కుట్టించుకుంది. ఎంత మొండితనం కాకపోతే! లెక్కల మనిషి కదా, ఒక దారి మూసుకుపోతే రెండోదే జవాబు అనుకోవడం ఆవిడకి అలవాటు.

"ఏంటి మేడమ్, లెక్కలు మానేసి టైలరింగ్ మొదలెట్టారా?" అన్నారు సైన్సు మాస్టారు, గుమ్మంలోంచి తొంగిచూసి. "నా ప్యాంటు కూడా ఒకటుంది. నడుం దగ్గర బిగుతైపోయింది."

"ప్యాంటు జోలికెళ్ళకండి మాస్టారూ. మీ టిఫిన్ డబ్బా ఒక గిన్నె తగ్గించండి చాలు."

ఎదురుగా కూర్చుని నోటుపుస్తకాలు దిద్దుతున్న ఇంగ్లిష్ టీచర్ కిసుక్కున నవ్వింది.

కుట్టు విప్పుతుంటే టేపు టీచర్‌కి విసుగొచ్చింది. జానెడుకో ముడి. ఎవరు కుట్టారో గానీ పొట్టి పొట్టి దారాలతో కుట్టారు. కుట్లు తిన్నగా కూడా లేవు, అన్నీ ఒక పక్కకి ఒరిగిపోయి ఉన్నాయి. ఒకచోట రెండు కుట్లు అంతకుముందే తెగితే, ఎవరో మొరటుగా ఇంత ముడి వేసి వదిలేశారు. ముడి పక్కన నల్లటి వేలిముద్ర. ఇదిగో, తనే కత్తిరించి తనే కుట్టుకుంది, దొరికిపోయింది అనుకుంది.

మడత విడిపోగానే లోపల బోలెడంత బట్ట బయటపడింది. ఎండ తగలని ముదురు నీలం, నిన్న కొన్నదానిలా ఉంది. దాని మీద అడ్డంగా రెండు వరసల కచ్చా కుట్లు. పైది ఎర్రదారం, కిందది పసుపు. పెద్ద పెద్ద అంగలతో, దేన్నీ దేనితోనూ కలపకుండా, ఊరికే ఒక పొర మీద వేసి ఉన్నాయి. టైలరు తియ్యడం మర్చిపోయి ఉంటాడు. కొస పట్టుకుని లాగితే ఎర్రది సర్రున వచ్చేసింది. పసుపుది కూడా అంతే. పాత దారం ముక్కలతో కలిపి ఉండ చేసి చెత్తబుట్టలో పడేసింది.

మూడు అంగుళాలు దించి, కొత్త మడత పెట్టి, తిన్నగా కుట్టింది. ఒకే పొడుగు దారం, ఒకే ముడి. నాటకాల సామాన్ల బీరువాలోంచి ఇస్త్రీపెట్టె తెచ్చి అంచు మీద రెండుసార్లు తిప్పింది. పైకెత్తి చూసుకుంటే ముచ్చటేసింది.

ఇంగ్లిష్ టీచర్ తలెత్తింది. "ఎవరిది మేడమ్?"

"మీ క్లాసు కొంగదే."

ఇంగ్లిష్ టీచర్ చేతిలో కలం ఆగింది. "ఆ పిల్లకి చెప్పే తెచ్చారా?"

"చెబితే ఇస్తుందా? మూడు చీటీలకి ఒక్క సంతకం లేదు."

ఇంగ్లిష్ టీచర్ ఏదో చెప్పబోయింది. ఈలోపు గంట కొట్టారు.

కొంగ గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. ఆటల నుంచి అలాగే వచ్చినట్టుంది, నుదుటి మీద జుట్టు చెమటకి అంటుకుపోయి ఉంది.

"నా స్కర్టు కనపట్లేదు టీచర్. డ్రిల్లు మాస్టారు మిమ్మల్ని అడగమన్నారు."

"కనపడకేం, ఇదిగో." టీచర్ స్కర్టుని రెండు చేతులతో పట్టుకుని దులిపి చూపించింది. "మూడు అంగుళాలు! ఇక నీకూ నాకూ ఏ గొడవా లేదు. రేపటినుంచి దర్జాగా గేటు దాటు."

పిల్ల స్కర్టు అందుకుంది. తిరగేసి అంచు చూసింది. ఒకచోట మొదలుపెట్టి చుట్టూ బొటనవేలు పోనిచ్చుకుంటూ మళ్ళీ అక్కడికే వచ్చి ఆగింది.

"దారం ఏది టీచర్?"

"ఏ దారం?"

"ఇంతకుముందు ఉన్నది."

"పాతదా? పారేశాను. అదేం దారమే తల్లీ, జానెడుకో ముడి..."

"ఎక్కడ?"

టీచర్ బల్ల కిందికి చెయ్యి చూపించింది. బుట్ట ఖాళీగా ఉంది. గంట కొట్టగానే ఆయమ్మ వచ్చి గదుల్లో చెత్త ఎత్తుకుపోవడం రోజూ ఉండేదే. పిల్ల స్కర్టుని కుర్చీ మీద పెట్టి పరిగెత్తింది. "ఏయ్, ఆగు!" అంటూ టీచర్ స్కర్టు పట్టుకుని వెనకే వెళ్ళింది.

బడి వెనక, చెత్త పోసే గోతి దగ్గర, ఆయమ్మ అప్పుడే బుట్ట బోర్లించింది. కొంగ మోకాళ్ళ మీద కూలబడి, పెన్సిల్ చెక్కుళ్ళూ చింపిన కాగితాలూ పళ్ళతొక్కలూ రెండు చేతులతో కెలకడం మొదలుపెట్టింది.

"ఏం పోయింది బంగారం? కమ్మా? గొలుసా?" అని ఆయమ్మ కంగారుపడింది.

"దారం."

"దారమా! ఓసి నీ ఇల్లు బంగారం కానూ! నా దగ్గర ఉండకి ఉండే ఉంది. లే, ఇస్తాను."

పిల్ల లేవలేదు. పై అంతస్తు వరండాలో తలలు కనిపించాయి. ఎవరో "కొంగ చేపలు పడుతోందిరోయ్" అని అరిచారు. నవ్వులు. టీచర్‌కి ఒళ్ళు మండింది. ఆ మంట ఆ అరిచినవాడి మీదికి పోకుండా ఎదురుగా ఉన్న పిల్ల మీదికే వచ్చింది.

"లే. అందరూ చూస్తున్నారు. స్కర్టు పొట్టిగా ఉండాలనుంటే ఉందని చెప్పు. ఈ నాటకం ఎందుకు?"

"పొట్టిగా ఉండాలని కాదు టీచర్."

"మరెందుకు?"

"అది అమ్మ కుట్టింది."

"అయితే ఏమైంది, మళ్ళీ కుట్టమ..."

మాట సగంలో ఆగింది. పిల్ల తలెత్తి చూస్తోంది. ఆ ముఖంలో కోపం లేదు, ఏడుపు లేదు. ఇంత చిన్న సంగతి ఈవిడకెందుకు తెలియడం లేదా అని ఓపిగ్గా ఎదురుచూస్తున్నట్టు ఉంది.

"ఎనిమిదో తరగతి మొదట్లో కుట్టింది. తర్వాత రెండు నెలలే ఉంది." మళ్ళీ చెత్తలోకి వంగుతూ అంది. "మా అమ్మకి సూది పట్టుకోవడం వచ్చు టీచర్."

టీచర్‌కి గుర్తొచ్చింది. మూడో చీటీ ఇచ్చిన రోజు. క్లాసంతా వింటుండగా, "మీ అమ్మకి సూది పట్టుకోవడం రాదా ఏంటి?" అంది తను. ఆ మాటకి క్లాసు ఘొల్లుమంది. తనకీ కాస్త హుషారొచ్చింది. ఈ పిల్ల ఆ రోజు కూడా ఇలాగే చూసింది. అప్పుడు దాన్ని పొగరనుకుంది.

ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుంది. మెడలో టేపు వేలాడుతూ చెత్తలోకి జారితే తీసి పక్కన పడేసింది. వేళ్ళతో ఒక్కో కాగితం ఎత్తి చూసింది. ఆయమ్మ కూడా ఇంకేం అడక్కుండా కొంగు బిగించి కూర్చుంది. ముగ్గురూ కలిసి ఏడు ముక్కలు ఏరారు. ముదురు నీలం దారం, ఒక్కోటి జానెడు, కొసన ముడి. ఎర్రముక్క ఒకటి వేలికి తగిలితే పిల్ల పక్కకి నెట్టేసింది. అది ఆ పిల్లకి తెలిసిన దారం కాదు.

ఏడింటినీ గుప్పిట్లో పట్టుకుని లేచింది.

"ఇది..." అని టీచర్ స్కర్టు చాపింది.

"వద్దు టీచర్. అది మీరు కుట్టింది."

పొరపాటున తన సంచిలోకి వచ్చిన ఇంకొకరి పెన్ను తిరిగిచ్చినట్టు, మెల్లగా అంది. వెళ్ళిపోయింది.

స్టాఫ్ రూములో ఇంగ్లిష్ టీచర్ ముఖం ఎత్తలేకపోయింది. "చేర్చినప్పుడే వాళ్ళ నాన్న చెప్పాడు మేడమ్. పిల్లలకి తెలియనివ్వొద్దన్నాడు, జాలిగా చూస్తారని. నాకు తెలుసు కదా, మీకూ తెలుసనుకున్నా."

టేపు టీచర్ సొరుగులోంచి చీటీల కట్ట తీసింది. అడుగున అచ్చయిన అక్షరాలు: తల్లి సంతకం. బట్టల సంగతి తల్లులే కదా చూసేది అని ఆ ముక్క పట్టుబట్టి అచ్చు వేయించింది తనే.

ఇంటికొచ్చేసరికి ఇంకా వెలుతురు ఉంది. అత్తగారు వీధి వైపు కిటికీ దగ్గర మంచం మీద కూర్చుని ఉంది. ఆవిడ బట్టల షాపుకి ముప్ఫై ఏళ్ళు చేతికుట్టు కుట్టిన మనిషి. అంచులు, కాజాలు, బొత్తాలు. ఇప్పుడు కళ్ళు మసక. కోడలి అడుగుల చప్పుడు మాత్రం వీధి మలుపులోనే పట్టేస్తుంది.

"ఏమే, కాళ్ళీడ్చుకుంటూ వస్తున్నావ్? మళ్ళీ టై ఎవరైనా విసిరాడా?"

కోడలు సంచి దించింది. స్కర్టు తీసి అత్తగారి ఒళ్ళో పెట్టి, పక్కనే కూర్చుని జరిగిందంతా చెప్పింది. సూది మాటతో సహా.

"ఈ కుట్టు నీది," అంది అత్తగారు, అంచు తడుముతూ. "లెక్కపెట్టి వేసినట్టుంది. పాత కుట్టు ఎక్కడుండేదో అక్కడ నా వేలు పెట్టు."

పెట్టింది. సూది దిగినచోట ఇంకా సన్నటి గుంటలున్నాయి. అత్తగారి వేలు ఆ వరస వెంట నెమ్మదిగా నడిచింది.

"దారం జానెడే ఉందన్నావు కదూ?"

"జానెడే. జానెడుకో ముడి. అందుకే నాకు విసుగొచ్చింది."

"కూర్చున్న మనిషి మూరెడు దారం ఎక్కిస్తుందే. చెయ్యి బార చాపి లాగుతుంది. పడుకున్న మనిషికి ఆ వీలేదీ? మోచెయ్యి పరుపుకి కొట్టుకుంటుంది. కుట్టు కూడా ఒరిగిపోతుంది. పొట్టి దారం ఎక్కించి, నాలుగు కుట్లేసి, కాసేపు గుండెల మీద పెట్టుకుని ఊపిరి తీసుకుని, మళ్ళీ ఎక్కించాలి."

"మీకెలా తెలుసు అత్తయ్యా?"

"మీ ఆయన కడుపులో ఉన్నప్పుడు నాలుగు నెలలు మంచం దిగొద్దన్నాడు డాక్టరు. షాపు పని మంచం మీదికే వచ్చేది. అప్పుడు నేను కుట్టినవన్నీ ఇలాగే ఒరిగి ఉండేవి. షాపాయన తిట్టి పంపించాడు కూడా." ఆవిడ వేలు ఆగింది. "లోపల ఇంకేమైనా ఉందా?"

"ఏం లేదు. టైలరు వదిలేసిన కచ్చా కుట్లు రెండు వరసలు. లాగి పడేశాను."

"ఏ రంగు?"

"ఒకటి ఎరుపు, ఒకటి పసుపు."

అత్తగారు కోడలి వైపు తిరిగింది. ఆ మసక కళ్ళలో ఏదో కదిలింది.

"నీలం బట్ట మీద ఎర్రదారమూ పసుపుదారమూ ఎవరైనా ఎందుకేస్తారే? కనపడాలనే కదా. అవి గుర్తులు. వచ్చే ఏడాది ఇక్కడికి దించు, ఆ పై ఏడాది ఇక్కడికి దించు అని."

"గుర్తులా?"

"తనే దించేదైతే గుర్తెందుకు పెట్టుకుంటుంది? పిల్లని ఎదురుగా నిలబెట్టుకుని చూసుకుని దించుకుంటుంది. గుర్తు ఇంకో చేతి కోసం."

కోడలు స్కర్టు లాక్కుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. వెలుతురుకి అడ్డంగా పట్టుకుంటే కనిపించాయి, దూరం దూరంగా సూది బెజ్జాలు. ఎర్రదారం వరస, తను పెట్టిన కొత్త మడతకి కాస్త పైన. పక్క కుట్టులో ఇరుక్కుని తెగిన ఎర్రముక్క ఒకటి వేలెడు మిగిలే ఉంది. సంచిలోంచి టేపు తీసి కొలిచింది. తన మడతకీ ఆ వరసకీ మధ్య అర అంగుళం కూడా లేదు.

మంచం మీద పడుకుని, ఏడాది తర్వాత తన కూతురు ఎంత పొడుగవుతుందో లెక్కేసింది ఆ తల్లి. టేపు లేకుండా. తను టేపు పెట్టి మూడు నెలలు పోట్లాడి చివరికి చేరింది అక్కడికే.

"మళ్ళీ వేసేస్తాను అత్తయ్యా," అంది గోడకేసి తిరిగి. "అదే ఎరుపు, అదే పసుపు. అవే బెజ్జాల్లోంచి."

"వెయ్యకు. నీ చెయ్యి పడింది చాలు." ఆ మాట కటువుగానే వచ్చింది. తర్వాత గొంతు తగ్గించింది. "గుర్తుల సంగతి ఆ పిల్లకి తెలిసినట్టు లేదు. మరి ఎవరికి చెప్పి పెట్టిందో కనుక్కో. ఎవరికీ చెప్పకుండా పెట్టదు."

మర్నాడు పొద్దున టీచర్ గేటు దగ్గర నిలబడింది గానీ మెడలో టేపు లేదు. పిల్లలకి అదే వింతైపోయింది. నడుం టైర్లవాళ్ళు ఆవిడని చూసి అలవాటుగా లాక్కున్నారు. ఆవిడ చూపు మాత్రం వాళ్ళ మీద లేదు, రోడ్డు చివరన ఉంది. సగం చొక్కావాడు దాటిపోయినవాడల్లా వెనక్కొచ్చాడు.

"టీచర్, టేపేది?"

"ఇంట్లో ఉంది. నువ్వెళ్ళు."

వాడు కాసేపు అక్కడే తచ్చాడి, ఎవరూ అడక్కుండానే చొక్కా వెనకభాగం కూడా దోపుకుని వెళ్ళిపోయాడు.

మొదటి గంటైంది. రెండో గంటా అయింది. కొంగ రాలేదు. ఆయమ్మ వచ్చింది.

"హెడ్మాస్టరు గారు పిలుస్తున్నారు మేడమ్. ఆ పిల్ల నాన్నంట."

ఆఫీసు గదిలో బల్ల ముందు ఒకాయన నిలబడి ఉన్నాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదట. జేబు మీద లిఫ్టుల కంపెనీ గుర్తున్న పని చొక్కా. బల్ల మీద బదిలీ సర్టిఫికెట్ దరఖాస్తు, అతని సంతకం అప్పటికే పడి ఉంది. హెడ్మాస్టరు గారు కలం మూత తీసి పట్టుకున్నారు.

"వాళ్ళమ్మాయి ఇక ఈ బడికి రానంటోందట," అన్నారు టీచర్ వైపు చూడకుండా. "సగం ఏడాదిలో ఎక్కడ చేర్చుకుంటారయ్యా అంటే, ఊరికే ఇంట్లో ఉంచుతానంటున్నాడు."

"తప్పు నాదండీ," అంది టీచర్. రాత్రంతా అనుకున్న మాటలు చాలా ఉన్నాయి. నోట్లోకి వచ్చింది ఈ ఒక్కటే. సంచిలోంచి స్కర్టు తీసి చాపింది. "చీటీలు పంపాను. క్లాసులో అనకూడని మాట అన్నాను. అడక్కుండా ఇది విప్పాను. నా మీద కోపంతో పిల్ల చదువు ఆపకండి."

అతను అందుకోలేదు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "గ్రీజండీ. ఎంత కడిగినా పోదు." అక్కడి నుంచే వంగి అంచు చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఎర్రదారం దగ్గరికే దించారా?"

ఎర్రదారం గురించి టీచర్ ఇంకా ఒక్క ముక్క కూడా చెప్పలేదు. ముడి పక్కన నల్లటి వేలిముద్ర కళ్ళ ముందుకొచ్చింది.

"మీకు తెలుసా?"

"నాకే చెప్పిందండీ. తొమ్మిదిలోకి వచ్చాక ఎర్రది, పదిలోకి వచ్చాక పసుపుది. రెండుసార్లు నాచేత అప్పజెప్పించుకుంది. నీకు మతిమరుపు, అందుకే రంగులు పెట్టాను అంది." కాస్త నవ్వబోయాడు, కుదర్లేదు. "బడి తెరిచే ముందు ఒక ఆదివారం కత్తెర పట్టుకుని కూర్చున్నాను. అమ్మాయి ఇంట్లో లేదు. రెండు కుట్లు కత్తిరించాను. మూడోది నావల్ల కాలేదు. ముడేసి మళ్ళీ తగిలించేశాను."

హెడ్మాస్టరు గారు కలాన్ని కాగితం మీద నుంచి పక్కకి తీశారు.

"అమ్మాయికి చెప్పి ఉండాల్సింది కదండీ," అంది టీచర్ మెల్లగా.

"చెబితే విప్పమంటుంది. విప్పితే ఇక ఆవిడ నాకు చెప్పిన పని ఒక్కటే మిగుల్తుంది, పసుపుది. అదీ అయిపోతే..." అతను కిటికీ వైపు చూశాడు. "పొట్టిగా ఉందని నాకు తెలుసండీ. రోజూ పొద్దున అమ్మాయి ముందు నడుస్తుంటే వెనకనుంచి చూస్తూనే ఉన్నాను. రేపు, రేపు అనుకున్నాను. మీరు చేసింది నేను చెయ్యాల్సిన పని."

గుమ్మం దగ్గర తలుపు చిన్నగా కిర్రుమంది.

కొంగ నిలబడి ఉంది. ఇంట్లో వేసుకునే గౌను, ఎండలో నడిచొచ్చిన ముఖం. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో ఎవరికీ తెలియలేదు. ఎక్కడ నిలబడితే అక్కడే నిలబడిపోయే పిల్ల కదా.

"ఇంట్లో ఉండమన్నాను కదమ్మా," అన్నాడు తండ్రి.

"అమ్మ విప్పమందా?"

తండ్రి చూపు స్కర్టు అంచు మీదికి పోయింది.

"అందరూ నవ్వుతుంటే నేను నిలబడ్డాను నాన్నా. గేటు దగ్గర రోజూ. అమ్మ కుట్టింది విప్పకూడదని. కొంగ కొంగ అంటున్నా." గుప్పిట తెరిచింది. ఏడు దారం ముక్కలూ చెమటకి అరచేతికి అంటుకుపోయి ఉన్నాయి. "అమ్మేమో విప్పమంది. నువ్వేమో నాకు చెప్పలేదు."

టీచర్ ఒక అడుగు ముందుకేసి ఆగిపోయింది. ఇది తను కలగజేసుకునే చోటు కాదని తెలిసింది. చేతిలో స్కర్టు, వేళ్ళ మధ్య ఆ వేలెడు ఎర్రముక్క. ఇవ్వాలనుకున్నది ఇవ్వలేక, దాచాలనుకున్నది దాచలేక అలాగే నిలబడింది.

పిల్ల తండ్రి ముఖంలోకి చూసింది. నిన్న చెత్త దగ్గర టీచర్ని చూసిన చూపే, కానీ ఈసారి అందులో ఓపిక లేదు.

"ఇంకేం చెప్పింది నాన్నా అమ్మ? నువ్వు నాకు చెప్పనివి ఇంకేమున్నాయి?"

అతను తల దించుకున్నాడు. వెనక దాచుకున్న గ్రీజు చెయ్యి ముందుకొచ్చి, పని చొక్కా జేబు మీదికి వెళ్ళి, లోపలున్నదాన్ని గట్టిగా అదిమిపెట్టి, అక్కడే ఆగిపోయింది.